అతుకు పైవైపు

ఖైరున్‌బీ భయమల్లా ఒక్కటే, వ్యాగన్ వెనకాల పరిచిన బొంత మీద పడుకున్న చిన్నపిల్ల నూరా ఇక లేవదేమోనని, ఈ కువైట్‌లో అంతకన్నా పెద్ద భయం తనకు లేదు, లేదనే అనుకుంటూ తడి దుప్పటి దులిపి మిద్దె మీది తీగకు వేసింది, గాలి చల్లగా కోస్తోంది, ఇంత చలిలో బండి అద్దాలన్నీ ఎక్కించుకునే పోతుంటారు, హీటరు పెట్టుకునే ఉంటారు, వెనక అద్దం తప్ప, వెనక అద్దం దించే ఉంది, గుడారం గుంజలు పొడుగై లోపల పట్టక కొసలు బయటికి పెట్టారు, ఆ గుంజలు ఎత్తి అందించింది తానే, అందిస్తూ జాగ్రత్తన్నా రంగు గీసుకుపోతాది అని డ్రైవర్ చిన్నపుల్లయ్యకు చెప్పింది కూడా, రంగు సంగతి చెప్పడానికి నోరు వచ్చింది, చెప్పాల్సిన మాట దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయింది, అవును, మరిచిపోయింది, తెల్లవారుజాము నుంచి ఒక పనా రెండు పనులా, రొట్టెలు, అన్నం డేగిసాలు, మగపిల్లల బూట్లు, నూరా ఎర్ర స్వెట్టరు, ఏటా చలికాలం సెలవు దొరికితే చాలు ఈ ఇంటివాళ్లు ఎడారిలో గుడారం వేసుకుని ఉండి వస్తారు, యజమానురాలు మామా, యజమాని బాబా, ముగ్గురు పిల్లలు, అందరూ వెళ్లారు, మోకాళ్ల నొప్పుల పెద్ద మామా, అంటే పిల్లల అవ్వ, ఆమెకు తోడుగా తానూ మిగిలారు, ఇంత హడావుడిలో ఒక మాట మరిచిపోవడం వింతా.

ఆ మాట మొగుడు బాబ్జాన్ చెప్పిందే, మంగళవారం ఫహాహీల్ గ్యారేజీలో, వెల్డింగు నల్లద్దం నుదుటి మీదికి తోసుకుని, ఆ పొద్దు మామాయే, నీ మొగుడి చేతే చేయించు ఖైరా, పిల్లలు తిరిగే బండి, నమ్మకం కావాలి అని ఆమెను డ్రైవర్‌తో పంపింది, నమ్మకం అన్నది, బండికి సైలెన్సరు తుప్పుపట్టి ఊడిపోయింది, అమెరికా బండి, దానికి తగ్గది వెంటనే దొరకలేదు, పాత సామాన్ల కుప్పలోంచి ఏదో జపాన్ బండిది పట్టుకొచ్చాడు బాబ్జాన్, దాని మూతి సన్నం, బండి గొట్టం లావు, ఒకదాంట్లో ఒకటి దూర్చి చూస్తే చుట్టూ వేలు పట్టేంత సందు, ఇది అతుక్కుంటాదా అని అడిగింది, రవిక చేతికి కుచ్చు పోయవా నువ్వు, అంతే ఇది, అన్నాడు, లావు గొట్టం మూతిని నిలువునా చీల్చి, చీలికల మధ్య ముక్కలు కోసేసి, సుత్తితో కొద్దికొద్దిగా లోపలికి మూసి, సన్న గొట్టం మీద కూర్చోబెట్టాడు, మొగుడు ఇంత నేర్పరి అని అంతవరకు తెలియదు ఆమెకు, పాత టైరు మీద కూర్చుని చూస్తూనే ఉంది, నిజానికి గొట్టాన్ని చూడలేదు, అతని మెడ మీద కాలిన మచ్చ చూసింది, కొత్తది, నెలకు పైగా అయింది మనిషిని చూసి, మచ్చలు కూడా తెలియకుండా వచ్చిపోతున్నాయి.

చేతిలో క్యాసెట్టు, రాయచోటి నుంచి వచ్చినామె తెచ్చి ఇచ్చింది, అందులో కూతురు మస్తానమ్మ మాట్లాడిందట, వదిలి వచ్చేటప్పుడు పాలు మాన్పించిన పిల్ల, ఇప్పుడు మాట్లాడుతుందట, మామా ఇంట్లో టేపు ఉన్నది మగపిల్లల గదిలో, అడగడానికి భయం, గ్యారేజీలో లేనే లేదు, ఉన్నది ఈ బండిలో, కానీ కరెంటు వెల్డింగు పెట్టాలంటే ముందు బ్యాటరీ తీగ ఊడదీయాలి, ఊడదీసినంతసేపూ టేపు పాడదు, చిన్నపుల్లయ్య ఏమో బడి వదిలే వేళకు పోవల్ల, యల్లా యల్లా అని తొందరపెడుతూ వాకిట్లో తిరుగుతున్నాడు, ఇంకా ఎంతసేపయ్యా అని మొగుణ్ణి అడిగింది, కిందిపక్క అయిపోయిండాది మే, పైపక్కకు చెయ్యి పోదు, గొట్టం దించి తిప్పుకోని వెల్డింగు కాల్చల్ల, అన్నాడు, పైపక్క ఎవరు తొంగి చూడొచ్చినారు అంది ఆమె, అవును, ఆమే అంది, చూసేదానికి కాదే పిచ్చిదానా, పొగకు కండ్లు యాడుండాయి, సందుంటే దూరతాది అన్నాడు అతను, ఆమె క్యాసెట్టు చూపించింది, అంతే, అతను క్యాసెట్టు వైపు చూశాడు, బండి కిందికి చూశాడు, పైపక్క రెండు చోట్ల చురుక్కుమని అంటించి, సందుల నిండా పుట్టీ ముద్ద మెత్తి, దాని మీద వెండిరంగు పూసి లేచాడు, శనివారం మళ్లా తీసుకరమ్మను, సరిగా కాల్చిస్తా, అంతవరకూ ఎనక అద్దం మటుకు దించొద్దని పుల్లయ్యన్నకు చెప్పు, దించితే పొగ ఎనక్కి తిరిగి బండి లోపలికే వస్తాది, పెద్ద వాసన కూడా రాదు, ఊరికే నిద్ర వస్తాది, ఆ నిద్ర మంచిది కాదు.

తీగ తగిలించాడు, ఇద్దరూ ముందు సీట్లలో దొరల్లా కూర్చున్నారు, టేపులో ముందు కోడికూత, తరువాత అత్త గొంతు, మాట్లాడు మే, మీ అమ్మ యాడుండాది చెప్పు, ఆ వెంటనే టపటపమని చప్పుడు, పిల్ల టేపు పెట్టెను అరచేత్తో కొడుతోంది, ఈడ, అమ్మ ఈడుండాది, బయటికి రమ్మను, బాబ్జాన్ నవ్వబోయి ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు, ఇంకోసారి పెట్టయ్యా అంది, ఇంకోసారి పెట్టాడు, ఆ రెండోసారి విన్నంతసేపట్లో పైపక్క సగమైనా కాలి ఉండేది, ఆ సంగతి అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తీగకు క్లిప్పు పెడుతుంటే తడుతోంది, క్లిప్పు జారి కింద పడింది, వంగి తీసుకోలేదు.

మరిచిపోయింది, మంగళవారం దారిలో పిల్ల గొంతు చెవుల్లో ఉంది కాబట్టి మరిచిపోయింది, బుధవారం చిన్నపుల్లయ్య కనబడనే లేదు, మరి ఈ పొద్దు, ఈ పొద్దు బండి స్టార్ట్ చేసి అతను నవ్వాడు, ఏం అమ్మీ, మీ ఆయన గొట్టానికి ఏం దగ్గుమందు పోసినాడో, రెండు దినాలు ఊరకుండి మళ్లా దగ్గుతాండాది, అన్నాడు, చలికి దగ్గుతాదిలే అన్నా, అంది తను, నవ్వుతూ అంది, ఎంత తొందరగా దొరికింది ఆ జవాబు, ముందే నూరి పెట్టుకున్న కారంలాగా, అప్పుడు బాబా రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు, గ్యారేజీ బాబా తమ్ముడిదే, బాబ్జాన్ కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న ఆసామి, ఆ తమ్ముడే, బాబా ఒక్కసారి వంగి చూస్తే వెండిరంగు కనబడుతుంది, గోటితో గీకితే ముద్ద రాలుతుంది, ఖలాస్, ఆ ఒక్క మాటతో బాబ్జాన్ విమానం ఎక్కాలి, ఆ తరువాత ఇక్కడ తనొక్కతే, అక్కడ ఊళ్లో చేసిన అప్పులు, ఇదంతా ఆలోచించిందా అప్పుడు, ఆలోచించడానికి తీరిక ఎక్కడిది, నూరా కొంగు పట్టుకుని లాగుతోంది, ఖైరా, నువ్వూ రా, నా పక్కన పడుకో, ఇంజను చప్పుడు వింటే చాలు నిద్రపోయే పిల్ల, ఈమె చెయ్యి తలకింద పెట్టుకుంటే గానీ పడుకోని పిల్ల, ఖైరా రాదు, జిద్దా దగ్గర, మీ అవ్వ దగ్గర ఎవరుంటారు అని మామా పిల్లను ఎత్తి వెనక బొంత మీద పడుకోబెట్టింది, గుంజల పక్కన, దించిన అద్దం కింద, సరే రా ఖైరా అని మామా అని ఉంటే, ఎక్కు అని ఉంటే, ఎక్కేదా, ఎక్కి ఆ అద్దం కింద తల పెట్టేదా.

ఎక్కేది కాదు.

ఆ మాట ఎవరో పక్కనుంచి చెప్పినట్టు వినబడింది, ఆ బొంత మీద మస్తానమ్మ పడుకుని ఉంటే, బాబా ఉన్నా, తమ్ముడున్నా, విమానం ఉన్నా, బండికి అడ్డం పడుకుని ఉండేది, మరిచిపోయిన మనిషికి అవన్నీ ఎలా తెలుస్తాయి, గుంజ అందిస్తూ ఆమె కళ్లు ఆ అద్దం దిగినంతసేపూ అద్దం మీదే ఉన్నాయి, దిగుతుంటే అద్దం కిర్రుమన్నది కూడా గుర్తుంది, దుప్పట్లన్నీ అలాగే బుట్టలో వదిలి మెట్లు దిగింది, ఇప్పటికి అహ్మదీ దాటి ఉంటారు, ఎడారిలోకి వఫ్రా దారి పట్టి ఉంటారు, పెద్ద మామా హాల్లో జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది, చాయ్ తెచ్చావా అంది, ఖైరున్‌బీ ఆమె కాళ్ల దగ్గర చతికిలబడింది, అతుకుకు అరబ్బీలో ఏమంటారో తెలియదు, ఆరో తరగతితో ఆగిన చదువులో తెలుగులోనే సగం మాటలు రావు, ఒక పిడికిలిలో రెండో చేతి వేళ్లు దూర్చి చూపించింది, పైన సందు చూపించింది, సయ్యారా, దుఖాన్, నూరా నిద్ర, అంది, సయ్యారా అంటే బండి, దుఖాన్ అంటే పొగ, ముసలామెకు ఆ మూడు మాటలు చాలాయి, గుడారాల్లో పుట్టిన మనిషి, కుంపటి లోపల పెట్టుకుని గుడారం మూసుకుని పడుకున్నవాళ్లను పొద్దున్నే బయటికి మోయడం చిన్నప్పుడు చూసిన మనిషి, మోకాళ్ల నొప్పి మరిచి లేచింది, వాకిలి దాకా పోయి పక్కింటాయనను కేకేసి సంగతి చెప్పింది, అతను చెప్పులు కూడా లేకుండా పికప్ ఎక్కి పోయాడు, దుమ్ము అణగకముందే పెద్ద మామా వెనక్కి తిరిగి ఖైరున్‌బీ మణికట్టు పట్టుకుంది, కోపంగా కాదు, దయగానే, చెప్పడం మరిచిపోయావా బిడ్డా అని అడిగింది, అవునంటే సరిపోయేది, ఆ ముసలి కళ్లు అవునన్న జవాబు కోసమే చూస్తున్నాయి, లేదు మామా, మరిచిపోలేదు, గుర్తుండే ఊరకున్నాను, అంది ఖైరున్‌బీ, తన గొంతు తనకే మొదటిసారి విన్నట్టుగా ఉంది.

పికప్ వాళ్లను అందుకుంటుందో లేదో తెలియదు, ఎడారి దారులు ఒకటి కాదు, మీలో ఎవరైనా వఫ్రా వైపు పోతుంటే, గుంజలు వెనక్కి పొడుచుకొచ్చిన తెల్ల వ్యాగన్ కనబడితే, చెయ్యెత్తి ఆపండి, ముందు సీట్లోవాళ్లతో మాటల్లో పడొద్దు, నేరుగా వెనక్కి పోయి, ఎర్ర స్వెట్టరు వేసుకున్న పిల్లను పేరు పెట్టి పిలవండి, నూరా అని, పలుకుతుందో లేదో కాస్త చూడండి.