బుడ్డోడికి రోజు చూడటం

హనుమయ్య చెప్పందే ఆ ఊళ్లో పొయ్యి కూడా వెలగదంటారు గానీ, అది ఎగస్పార్టీ వాళ్లు పుట్టించిన మాట. పొయ్యిలు వాటంతట అవే వెలుగుతాయి. బోర్లు, ట్రాక్టర్లు, శంకుస్థాపనలు మాత్రం ఆయన్ను అడగందే కదలవు. ఆయన పురోహితుడేం కాదు, రెంటచింతల దాపున ఎనిమిదెకరాల మిరప రైతు. పంచాంగం చూడటం మామగారి దగ్గర నేర్చుకున్నాడు, నేర్చుకున్నది ఊరి మీదికి వదిలాడు. పక్కింటి ఏసోబు ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. అలాంటివాడు కూడా కిందటేడు బోరు వేసేముందు వచ్చి, "బాబాయ్, ప్రభువుకి చెప్పుకున్నా, నువ్వు కూడా ఓసారి చూడు" అన్నాడు. నీళ్లు పడ్డాయి. ఘనత ఎవరిదో ఇప్పటికీ తేలలేదు.

అంతటి మనిషికి తన కుక్కను సాగనంపే రోజు చూసుకోవాల్సి వచ్చింది.

కుక్క పేరు బుడ్డోడు. పదమూడేళ్ల కిందట చొక్కా జేబులో పట్టేంత ఉన్నప్పుడు పెట్టిన పేరు. ఆ తర్వాత దూడంత అయ్యాడు గానీ, పేరు మార్చే తీరిక ఎవరికీ లేకపోయింది. ఈ వేసవిలో ముందు కాలు వాచింది. ముల్లు గుచ్చుకుందనుకున్నారు, బెణికిందనుకున్నారు, ఎవరిదో దిష్టి అనుకున్నారు. చివరికి పశువుల డాక్టరు కుల్సుం ఎక్స్‌రే ఫొటో తీయించి చూసి, ఎముకలో క్యాన్సర్ అని చెప్పింది. ఊపిరితిత్తుల్లోకి కూడా పాకిందట.

ఒక సోమవారం ఆవిడే ఇంటికొచ్చి వసారాలో బుడ్డోడి పక్కన కూర్చుంది. ఆ పిల్లకు మాటలు నాన్చడం రాదు.

"హనుమయ్యగారూ, ఇది తగ్గేది కాదు. కాలు తీసినా లాభం లేదు. మాత్రలు నొప్పిని కాస్త తగ్గిస్తాయి, అంతే. ఇంకో పది రోజులుంటాడేమో, ఆ పది రోజులూ వాడికి నరకం. మీరు ఊఁ అంటే నేనే వస్తాను. మొదటి సూదికి నిద్రపోతాడు, రెండో సూది వేసేది వాడికి తెలియను కూడా తెలియదు."

హనుమయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "సరేనమ్మా. రోజు చూసి చెప్తా."

"రోజు చూడటానికి ఇందులో ఏముందండీ?"

"ఏముందంటే ఎట్లమ్మా? చూడాలి గదా."

డాక్టరమ్మ, ఇక లాభం లేదనుకుందేమో, ఆయన భార్య పుల్లమ్మ వైపు తిరిగింది. "అమ్మా, రోజూ సాయంత్రం గోడ మీద క్యాలెండర్‌లో రాయండి. తిన్నాడా, లేచాడా, పడుకున్నాడా. నాలుగు రోజులు రాస్తే మీకే తెలుస్తుంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ పూట నుంచి ఆ ఇంట్లో ఒకే క్యాలెండర్‌ను ఇద్దరు వాడటం మొదలుపెట్టారు. అచ్చేసింది ఆయన చదివేవాడు. పెన్సిలుతో పుల్లమ్మ రాసేది.

మర్నాడు మంగళవారం. మంగళవారం ఎవరైనా అలాంటి పని పెట్టుకుంటారా? బుధవారం ధనిష్ఠా నక్షత్రం వచ్చిపడింది. ధనిష్ఠతో మొదలుపెట్టి ఐదు రోజులూ పంచకాలు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరైనా పోతే తాళం వేసి నెలల తరబడి బయట కాపురం ఉండాలని శాస్త్రం.

"కుక్క పోయినా ఇల్లు పాడు పెట్టాలా?" అంది పుల్లమ్మ.

"కుక్కకి వర్తించదని యాడ రాసుందే?"

"వర్తించుద్దని యాడ రాసుంది?"

"రాయలేదు గాబట్టే జాగ్రత్తగా ఉండాలి."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. డాక్టరమ్మకు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, ఇవాళ ఎందుకు కుదరదో వివరంగా చెప్పేవాడు. ఆవిడ ఓపిగ్గా వినేది. గురువారం వర్జ్యం గురించి విన్నది, శుక్రవారం లక్ష్మీదేవి గురించి విన్నది. వారం తిరిగేసరికి ఆ పిల్ల, ఏ పెళ్లివారూ విననంత పంచాంగం విన్నది.

శనివారం నాడు పుల్లమ్మ తానే ఒక దారి వెతికింది. "ఇయ్యాల ఏకాదశంట గదయ్యా. ఏకాదశి నాడు పోతే స్వర్గానికి తలుపులు తీసుంటయ్యని నువ్వే చెప్తా ఉంటావు."

"శనివారం గదే! శనివారం పోయినోళ్లు ఒంటిగా పోరు, తోడు తీసకపోతారు."

"నన్నే తీసకపోమను" అంది పుల్లమ్మ. "వాడి అవస్థ నేనైతే చూడలేకపోతన్నా."

ఆయన కళ్లజోడు తుడుచుకుని క్యాలెండర్‌లో సోమవారం గళ్లోకి పోయాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఏసోబు ఆగి చూశాడు. హనుమయ్యను చూడగానే బుడ్డోడు మూడు కాళ్ల మీద లేచి నిలబడి తోకాడించాడు. హనుమయ్య ముఖం చాటంత అయింది. "చూడు, ఎంత హుషారుగా ఉన్నాడో! డాక్టర్లు అట్టాగే బెదిరిస్తారు."

ఏసోబు కాలి వాపు చూసి తల అడ్డంగా ఊపాడు. "బాబాయ్, మా అమ్మ పోయినప్పుడు కూడా ఇన్ని లెక్కలు చూడలేదయ్యా."

"మీ అమ్మ ఎవర్నీ అడిగి పోలేదురా. ఈడ నన్ను చెప్పమంటన్నారు. పదమూడేళ్లు నా యెనకాల తిరిగినోణ్ణి, ఫలానా రోజు చంపండని నా నోటితో ఎట్టా చెప్పేది?" అన్నాడు హనుమయ్య. అనేసి, అంత మాట బయటపడ్డందుకు సిగ్గుపడి, ఏసోబు బోరు మోటారు ఎలా పనిచేస్తోందని అడిగాడు.

అదండీ సంగతి. శాస్త్రం లేదు, చట్టుబండలు లేవు. ఆయనకు భయం. పంచాంగంలో ఎంత వెతికినా దొరకని రోజు కావాలి ఆయనకు, దొరకనంత కాలం వెతుకుతూనే ఉంటాడు. ఆలోగా ఆ మూగజీవి నొప్పి భరిస్తూ ఉండాలి. ఇది పుల్లమ్మకు తెలుసు, ఏసోబుకు తెలుసు, ఫోన్లో వింటున్న డాక్టరమ్మకు తెలుసు. ఒప్పుకోనిది ఆయనొక్కడే.

సోమవారం శివుడి వారమని గడిచిపోయింది. మంగళవారం తెల్లారింది. బహుళ చతుర్దశి, భరణి నక్షత్రం. తెల్లారితే అమావాస్య. ఆయన లెక్కలో అంతకన్నా పాడు రోజు ఆ నెల మొత్తంలో లేదు. అందుకని హనుమయ్య ఆ పొద్దున చాలా నిశ్చింతగా ఉన్నాడు.

"ఇయ్యాల అనుకునేదానికే లేదు" అన్నాడు కాఫీ గ్లాసు కింద పెడుతూ. "అయినా రోజూ లెగుస్తానే ఉన్నాడు గదే."

పుల్లమ్మ మేకు నుంచి క్యాలెండర్ తీసుకొచ్చి ఆయన ఒళ్లో పడేసింది. "నేను రాసింది చదువు."

చదివాడు. పెన్సిలు అక్షరాలు గళ్లల్లో పట్టక పక్కకు పారాయి. 'తినలా. లేవలా. ఈయనొస్తే లేచాడు.' తర్వాత గడి. 'మజ్జిగ రెండు గుక్కలు. లేవలా. ఈయనొస్తే లేచాడు.' ఆ తర్వాత గడి. 'రాత్రంతా మూలిగాడు. ఈయనొస్తే లేచాడు.'

"నీకు లేచినోడే కనపడతన్నాడు" అంది పుల్లమ్మ. "పొలం పోతన్నట్టు పోయి, పెరటి గుమ్మంలోంచి వచ్చి, కిటికీలోంచి చూడు. అప్పుడు చెప్పు నాకు నీ భరణి సంగతి."

కోపంగానే లేచాడు. బుడ్డోడు వసారా చివరిదాకా కుంటుతూ వచ్చి, గేటు దాటేదాకా చూశాడు. హనుమయ్య సందు తిరిగి, పెరట్లోంచి వచ్చి, వసారా వైపు కిటికీ పక్కన నిలబడ్డాడు.

బుడ్డోడు పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. మూతి మీద ఈగలు ముసిరినా విదిలించడం లేదు. పుల్లమ్మ మజ్జిగ గిన్నె ముక్కు దగ్గర పెడితే కన్నయినా తిప్పలేదు. లోపల్నుంచి సన్నగా ఒక మూలుగు వస్తూ ఉంది, సెగ మీద పాలగిన్నె చేసే చప్పుడులాగా. గుక్క తిప్పుకోవడానికి ఆగి, మళ్లీ మొదలయ్యేది. హనుమయ్య ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియదు. కాళ్లు పీకి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చాడు. మాచర్లలో కుట్టించుకున్న తోలు చెప్పులు, కిర్రుమన్నాయి.

బుడ్డోడి చెవి లేచింది.

వాడు ముందు తల ఎత్తాడు. మంచి కాలు నేలకు ఆనించి లేవబోయి దబ్బున పడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ పడ్డాడు. మూడోసారి గోడకు భుజం ఆనించి, ఒళ్లంతా వణుకుతుండగా నిలబడ్డాడు. నిలబడి, ఎవరూ లేని గేటు వైపు చూస్తూ తోకాడించాడు.

హనుమయ్య కదల్లేదు. కదిలితే చెప్పులు మళ్లీ చప్పుడు చేస్తాయి. అలాగే వంగి, రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకుని, పిల్లిలా పెరట్లోకి పోయి ఫోన్ తీశాడు.

డాక్టరమ్మ అలవాటు ప్రకారం తానే అడిగేసింది. "చెప్పండి హనుమయ్యగారూ. ఇవాళ ఎందుకు మంచిది కాదు?"

"అస్సలు మంచిది కాదమ్మా. ఇంతకన్నా పాడు రోజు లేదు" అన్నాడు హనుమయ్య. "ఇప్పుడే రా."

ఆవిడ వచ్చేసరికి పన్నెండు దాటింది. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడంటే రెంటచింతల పేరే చెప్తారు, ఆ పేరు వినపడ్డప్పుడల్లా మా వాళ్లు అదేదో తామే సాధించినట్టు మురిసిపోతారు. ఆ ఎండలో హనుమయ్య వీధి చివర వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. స్కూటర్ అక్కడే ఆపించాడు. గేటు దగ్గరికి రాగానే, "చెప్పులు విప్పమ్మా" అన్నాడు మెల్లగా.

"ఎందుకండీ, పూజేమన్నా చేస్తున్నారా?"

"చప్పుడైతే లెగుస్తాడమ్మా."

డాక్టరమ్మ బూట్లు విప్పి చేతిలో పట్టుకుంది. గేటు నుంచి వసారాకు పాతిక అడుగుల సిమెంటు వాకిలి, పెనంలా కాలుతోంది. ఆవిడ గబగబా దాటేసింది. అరవై ఎనిమిదేళ్ల హనుమయ్య మాత్రం, వేగంగా నడిస్తే అడుగు వినపడుతుందని, ఒక్కో పాదం ఆనిస్తూ దాటాడు. పుల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తూ నిలబడింది.

బుడ్డోడు లేవలేదు. హనుమయ్య పక్కన చతికిలబడి తల ఒళ్లోకి తీసుకున్నాక గానీ వాడికి తెలియలేదు. తెలియగానే ముక్కు ఎగబీల్చి, మంచి కాలు నేలకు ఆనించాడు.

"లెగమాకరా" అన్నాడు హనుమయ్య. కళ్లల్లోంచి నీళ్లు కారి కుక్క చెవి మీద పడుతున్నాయి, ఆయన తుడుచుకోలేదు. "ఇక చాల్లే అయ్యా. నాకోసం లెగమాక."

బుడ్డోడు కూర్చోమంటే కూర్చునేవాడు కాదు, ఇంటికాడ ఉండమంటే పొలం వచ్చేవాడు, కోళ్ల జోలికి పోవద్దంటే అటే పోయేవాడు. పదమూడేళ్లలో హనుమయ్య మాట విన్న పాపాన పోలేదు. ఈసారి మాత్రం ఆనించిన కాలు వెనక్కి తీసుకుని, తల ఆయన మోకాలి మీద పెట్టి పడుకున్నాడు. డాక్టరమ్మ మొదటి సూది వేసింది.