పదో మెరుపు

ఈశ్వరి సంచి సర్దుతోంది. పాత తువ్వాలులో చుట్టిన బైనాక్యులర్స్, స్టాప్‌వాచ్, నోటుపుస్తకం, అద్దానికి ఎర్రకాగితం అతికించిన టార్చి. అన్నింటి మీదా జంతికల పొట్లం.

“ఈయాల వద్దు మావా. ఆ పేటోళ్ల పడవని మొన్ననే అవతలూరోళ్లు తగలెట్టీసినారంట.”

“ఆళ్ల తగువు వలల కోసమే. నేను సేపలు కూడా తిన్ను,” అన్నాడు తిరుమలరావు.

అతను గరివిడి ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పనైపోయిన రాకెట్ ముక్క ఒకటి ఆకాశంలో పొర్లుతూ, ఎండ తగిలినప్పుడల్లా మెరుస్తోందని నెల్లాళ్లుగా దాని వెంట పడ్డాడు. మెరుపుకీ మెరుపుకీ మధ్య ఎన్ని సెకన్లో కొలవాలి. ఫ్యాక్టరీ పొగలో ఆకాశం అంచు కనపడదు కనుక సముద్రం ఒడ్డుకి పోవాలి. పది మెరుపులు పూర్తయ్యేదాకా కన్ను తీయకూడదు, అంకె తప్ప మరో మాట ఆడకూడదు. ఈశ్వరికీ అదే కట్టడి. ఒకసారి దగ్గినందుకు రెండ్రోజులు అలిగాడు.

పొద్దుగూకింది. ఇసకదిబ్బ మీద అతను, కింద బండి దగ్గర పుస్తకంతో ఆమె. వేటకెళ్లిన పడవల దీపాలు నీళ్ల మీద ఊగుతున్నాయి. వాటికి జానెడు పైన రాకెట్ మెరిసింది.

“ఒకటి,” అన్నాడు గట్టిగా.

ఏడేసి సెకన్లకి ఒక మెరుపు. ఆరు అనేసరికి సరుగుడు తోపులోంచి ముగ్గురు తెడ్లతో వచ్చారు.

“ఎవులు నువ్వు? ఏటి లెక్కెడతన్నావు?”

“ఏడు.”

“మన పడవల్నేరా ధనరాజా. అవతలోళ్లకి సెప్పడానికి.”

తిరుమలరావు ఆగమన్నట్టు ఎడంచెయ్యి ఎత్తాడు.

“సైగలొకటి. నోరిప్పు, ఏ ఊరు నీది?” అన్నాడు ధనరాజు.

“ఎనిమిది.”

మాట ఈశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా రెండే కదా అని మింగేసింది.

“తొమ్మి...”

తెడ్డు మెడ మీద పడింది. బైనాక్యులర్స్ కంట్లోకి దిగాయి. రెండో దెబ్బకి పుర్రె పగిలిన చప్పుడు కిందిదాకా వినిపించింది. ఈశ్వరి ఇసకలో పాకుతూ, “రాకెట్టు సూస్తన్నాడు బాబూ, మా ఆయన రాకెట్టు సూస్తన్నాడు,” అంటూ అతని మీద పడింది.

“రాకెట్టంట,” అని ఒకడు నవ్వి, ఆమె మణికట్టు విరిగేలా కొట్టాడు. కింద పడ్డవాణ్ణి డొక్కలో తన్నాడు.

ధనరాజు తల ఎత్తాడు. తెడ్డు దించాడు.

“ఒరే, ఆగండి. నిజంగానే మెరుస్తన్నాది.”

ఈశ్వరి కట్టు కట్టిన చేత్తో, సంచి ఒళ్లో పెట్టుకుని సోమవారం ఇంటికి వచ్చింది. జంతికల పొట్లం విప్పలేదు. తిరుమలరావు 2024 మార్చి 9, శనివారం మధ్యాహ్నం గరివిడి నుంచి బయల్దేరాడు. తిరిగి రాలేదు.