నురగమ్మ వేలిముద్ర

హాజరు పుస్తకం చూడాలి. మురికి గది, ఇస్త్రీ గది రెండూ తిరిగి చూడాలి. మేస్త్రీని విడిగా అడగాలి. పదకొండు అంగీకార పత్రాల అసలు ప్రతులు తీసుకోవాలి. ఫిర్యాదు చేసినామె వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాలి. సాయంత్రం ఐదు లోపల మూసివేత నోటు సిద్ధం చేయాలి.

మొదటి ఐదూ విచారణబాబు స్వయంగా రాసుకున్నవి. ఆరోది ఎర్రసిరాతో పైఅధికారి పెద్దసారు చేర్చింది. విచారణ కాకముందే మూసివేత ఏమిటని పొద్దున అడిగితే, "ఇష్టపడే చేస్తున్నామని పదకొండు మంది రాసిచ్చాక ఇంకా ఏం తవ్వుతావయ్యా? ఏడ్చేవాళ్ళ మొహం కాదు, కాగితం చూడు" అన్నాడు పెద్దసారు.

వివక్ష ఫిర్యాదుల కార్యాలయంలో విచారణబాబు చేరి ఎనిమిది నెలలు. ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు కనుక కాగితమంటే అతనికి భక్తి. అయినా ఆ ఎర్రసిరా కంట్లో నలుసులా గుచ్చుతూనే ఉంది.

ఫిర్యాదు చిన్నదే. పెద్దాసుపత్రి లాండ్రీలో కాలవ అవతలి వాడ ఆడవాళ్ళకు ఎన్నేళ్ళు చేసినా మురికి గదే గతి. నెత్తురు దుప్పట్లు, చీము గుడ్డలు విడదీసి, నానబెట్టి, ఉతికేది వాళ్ళు. ఇస్త్రీ గదిలో కూర్చుని మడతలు పెట్టేది వేరేవాళ్ళు. అక్కడ కూలి మూడో వంతు ఎక్కువ. ఫిర్యాదు ఇచ్చినామెది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. మోచేతుల దాకా ఎప్పుడూ సబ్బు నురగే కాబట్టి అందరూ నురగమ్మ అంటారు. ఈరోజు ఫైలు మూతపడితే తప్పుడు ఫిర్యాదు కింద రేపే ఆమె ఉద్యోగం పోతుంది.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి లాండ్రీ మేస్త్రీ అంగీకార పత్రాల అసలు ప్రతులు ఇచ్చి, రెండు గదులూ చూపించాడు.

"చూసుకోండి సార్, మధ్యలో గోడ కట్టామా, గీత గీశామా? వాళ్ళే అడిగి మరీ ఆ గదిలో ఉంటారు. అందరూ ఒక్క వాడవాళ్ళు, కబుర్లాడుకుంటూ చేసుకుంటారు."

హాజరు పుస్తకం తిప్పితే ఇస్త్రీ గదివాళ్ళకు వేలిముద్ర మిషన్ చీటీలున్నాయి. మురికి గదివాళ్ళకు చేత్తో పెట్టిన టిక్కులు.

"ఇదేంటి?"

"వాళ్ళ వేళ్ళు మిషన్‌కి పడవండీ. దొంగ వేళ్ళు! పొద్దున్నే అదొక గోల. చివరికి నేనే టిక్కు పెట్టేస్తున్నా. అది కూడా నా మంచితనమేనని రాసుకోండి."

విచారణబాబు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. ఆ టిక్కుల మీద అతనికి అనుమానం. అంతగా నవ్వుతున్న మేస్త్రీ మీద ఇంకా అనుమానం.

నురగమ్మను సామాన్ల గదిలోకి పిలిపించాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగింది.

"తలుపు ముయ్యకు బాబూ. మూస్తే నీతో బేరం కుదుర్చుకున్నానంటారు." లోపలికొచ్చి, కూర్చోకుండా అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంతకీ నువ్వెవరి మనిషివి?"

"ఎవరి మనిషినీ కాదమ్మా."

"అట్లాంటోళ్ళు కూడా ఉంటారా?"

అతను ఫిర్యాదు కాగితం తీశాడు. రాత ముత్యాల్లా ఉంది. "నీకు చదువు రాదు కదా. ఇదెవరు రాశారు?"

"మా చెల్లెలి కూతురు."

"ఎవరైనా చెప్పి రాయించారా?"

"నా నడుము చెప్పింది నాయనా, ఇంక వంగలేను రాయించమని."

అతనికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. అంగీకార పత్రం ముందు పెట్టాడు. "మురికి గది పని నా ఇష్టంతోనే చేస్తున్నానని ఇందులో ఉంది. కింద నీ వేలిముద్ర."

"నేను వెయ్యలేదు."

"వేసి మర్చిపోయావేమో."

"అన్నం తినడం మర్చిపోతానేమో గానీ, కాగితం మీద వేలు పెట్టడం మర్చిపోతానా?"

తర్వాత ఇరుక్కుంటామనిపిస్తే అందరూ ఇదే మాట అంటారని అతనికి ఎనిమిది నెలల్లో తెలిసింది. వాదించకుండా వాంగ్మూలం రాసి, చదివి వినిపించి, సిరా డబ్బా ఆమె ముందుకు జరిపాడు. ఆమె బొటనవేలు అదిమింది. నల్లటి మరక పడింది.

"నెమ్మదిగా, దొర్లించాలి."

రెండోసారీ మరకే. మూడోసారి తనే ఆమె వేలు పట్టుకుని వేయించాడు. నున్నటి చింతగింజలా ఒక మచ్చ, అంతే.

"కావాలనే చేస్తున్నావా?" అతని గొంతు పెరిగింది.

నురగమ్మ వేలు తుడుచుకుని దీపం కింద పెట్టింది. చెంచా వీపులా మెరుస్తోంది. "పంతొమ్మిదేళ్ళు బ్లీచింగ్ నీళ్ళు, సోడా. ముందు గోళ్ళు పోయాయి, తర్వాత గీతలు. మా గదిలో ఎవరిది చూసినా ఇంతే. మన చేతుల్లో రాతే లేదే అని నవ్వుకుంటాం."

దొంగ వేళ్ళు. విచారణబాబు గబగబా పదకొండు పత్రాలూ బల్ల మీద పరిచాడు. పదకొండింటి మీదా గీతలు దువ్వినట్టు తేటగా ఉన్నాయి. పదకొండింటిలోనూ ముద్ర మధ్యలో ఒకే ఏటవాలు కోత గుర్తు.

అప్పుడే మేస్త్రీ మరో కాగితం పట్టుకుని వచ్చాడు. "నురగమ్మా, ఎందుకే ఈ తగువు? ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని వేలు వెయ్యి. రేపటి నుంచి నీకు ఇస్త్రీ గది."

"నా ఒక్కదానికేనా?"

"ముందు నువ్వెళ్ళు. మిగతావాళ్ళ సంగతి తర్వాత."

తెరిచిన తలుపులోంచి ఇస్త్రీ గది కనిపిస్తోంది. వరసగా కుర్చీలు. నురగమ్మ చెయ్యి నడుం మీదికి పోయింది. చాలాసేపు అటే చూసింది. విచారణబాబు మాత్రం కాగితాన్ని నొక్కిపట్టిన మేస్త్రీ బొటనవేలు చూస్తున్నాడు. అది గమనించి మేస్త్రీ చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు వేలు లేదు గదా మేస్త్రీ," అంది నురగమ్మ. "మా పదకొండు మందికీ వేసిపెట్టినోళ్ళెవరో, దీనికీ వాళ్ళ చేతే వేయించుకో."

మేస్త్రీ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. విచారణబాబు మిగతా పదిమందినీ పిలిచాడు. పది మచ్చలు పడ్డాయి. ఒక్కోదాని కింద "నా ఎదుట మూడుసార్లు వేశారు, గీతలు లేవు" అని రాసి సంతకం చేశాడు.

ఐదు కావస్తుండగా పెద్దసారు ఫోన్ చేశాడు. "నోటు అయిందా?"

"మూసివేత నోటు నేను రాయనండి."

"ఆ వేలిముద్రల గొడవ మనకెందుకయ్యా? బాగా ఆలోచించుకో."

వేలిముద్రల గురించి పెద్దసారుతో విచారణబాబు ఇంకా ఒక్క మాట కూడా అనలేదు.

విచారణబాబు ఫోన్ పెట్టేశాడు. పత్రాలను సంచిలో పెట్టలేదు. చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ ఫైలు ఏమవుతుందో, రేపు ఎవరి ఉద్యోగం ముందు పోతుందో అతనికి తెలియదు. మురికి గదిలో మాత్రం సాయంత్రపు మూటలు దిగాయి. నురగమ్మ వంగింది.

మీరు ఎప్పుడైనా ఆసుపత్రిలో తెల్లటి దుప్పటి మీద పడుకోవలసి వస్తే, దాని మీద ఎవరి వేలిముద్రా కనిపించదు. అప్పుడు ఆమెను ఒకసారి గుర్తు చేసుకోండి.