అక్క నంబరు

ప్రదర్శన హాల్లో ఆ ఇరుకు స్టాలులో నిలబడి, పొద్దున్నుంచి ఆ నల్ల కార్డును నూటయాభై ఫోన్లకైనా తాకించి ఉంటుంది దర్జీ ఆవిడ. తాకించడమే ఆలస్యం, అవతలివాళ్ల తెర మీద కొట్టు పేరు, కుట్టిన బట్టల ఫొటోలు, నంబరు వచ్చేస్తాయి. కాగితం లేదు, గీగితం లేదు. అందరూ సేవ్ చేసుకున్నామని నవ్వుతూ చెప్పిపోయారు. ఒక్కరు ఫోన్ చేస్తే ఒట్టు.

మిగతావాళ్లు చేయకపోతే పీడా పోయింది. ఆస్పత్రికి బట్టలు కొనే ఆవిడ చేయాలి. నర్సుల యూనిఫాంలు మూడువందల జతలు. కాలరు తిప్పి చూసి, కుట్టు లాగి చూసి, నాలుగింటిలోపు ఫోన్ చేసి ఖాయం చేస్తానని మరీ చెప్పి వెళ్లింది. ఆ పని రాకపోతే కొట్టులో కుట్టే ఆరుగురూ సోమవారం నుంచి ఫ్యాక్టరీకి పోతారు. వాళ్లేం దాచలేదు, మొహం మీదే చెప్పారు. వాళ్లు పోతే ఇక కొట్టేమిటి, పదేళ్ల కష్టం మట్టిలో కలిసినట్టే.

నాలుగు దాటింది. ఐదైంది. ఫోను చెడిపోయిందేమోనని, ఒకసారి చేసి చూడమని పక్క స్టాలు బొత్తాల వ్యాపారిని బతిమాలింది. ఆమె నంబరు చెప్పబోతుంటే, అంత శ్రమెందుకమ్మా అంటూ ఆయన తన ఫోన్‌ను కార్డుకు ఆనించి, వచ్చిన నంబరు నొక్కాడు. ఆమె చేతిలో ఫోను మోగలేదు. ఆయన ఫోనులోంచి మాత్రం ఒక గొంతు వినిపించింది.

"చెప్పండి, యూనిఫాంల గురించేనా?"

అక్క గొంతు. 

ఇద్దరూ కలిసి కొట్టు నడిపిన రోజుల్లో ఆ కార్డు చేయించింది అక్కే. మాట అక్కది, కత్తెర చెల్లెలిది. వచ్చేవాళ్లతో మాట్లాడేది తనే కాబట్టి తన నంబరే పెట్టింది. ఏడాది కింద నోటికొచ్చినట్టు తిట్టుకుని విడిపోయారు. అక్క ఒక మిషను పట్టుకుని వెళ్లిపోయింది. మాటలు పోయాయి, కార్డు కొట్టు సొరుగులో ఉండిపోయి, ఇవాళే మళ్లీ బయటికొచ్చింది. తన కార్డును తన ఫోన్‌కే తాకించుకుని చూసే పిచ్చివాళ్లు ఎవరుంటారు చెప్పండి?

చెల్లెలు స్టాలు అలాగే వదిలేసి బస్సెక్కింది. ఈపాటికి ఆ పని అక్క కొట్టేసే ఉంటుంది. కాళ్లు పట్టుకోవాలా? పట్టుకుంటుంది. ఇప్పుడు సిగ్గేమిటి, కత్తెర తప్ప తనకింకేం చేతనవును?

అక్క గది తలుపు తీసే ఉంది. మూల మిషను మీద దుప్పటి, దుప్పటి మీద దుమ్ము. అక్క కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అక్కా, ఆ ఫోన్లు..."

"పొద్దున్నుంచి మోగుతూనే ఉన్నాయే. గొడవైన రోజే నా నంబరు పీకి పారేసుంటావనుకున్నా. ఏడాదైనా తీయలేదని ఇవాళ తెలిసింది. నేనే మొండిదాన్ని."

తీయడం తనకు రాదు. అసలు ఆ నంబరు అక్కడుందనే తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ అక్క మొహం చూశాక పైకి రాలేదు.

"ఆస్పత్రావిడ చేసిందా?" అంది ఎలాగో.

"చేసింది, ఒప్పేసుకున్నా. రేపు పదింటికల్లా ఒక జత కుట్టి చూపించాలట. కత్తిరించడం నాకెక్కడొచ్చే? నీకు చెబుదామని పదిసార్లు ఫోన్ తీశాను. ఏ మొహం పెట్టుకుని చేయను?"

చెల్లెలు గోడకు ఆనుకుని నేల మీద కూలబడింది.

"నీ నంబరు ఎందుకు తీస్తానక్కా," అంది.

అబద్ధం. అన్నాక, అది నిజమై ఉంటే ఎంత బాగుండేదోనని ఏడుపు ముంచుకొచ్చింది. అక్క వచ్చి పక్కనే కూర్చుంది. కాసేపటికి చెల్లెలు కళ్లు తుడుచుకుని, కత్తెర ఎక్కడుందని అడిగింది.