అయిదుకి అయిదు

రక్తం కడిగే గదిలో ఆ పిల్లకి పెట్టిన పేరు ప్రశ్నల పాప. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది. కానీ చేతికి రెండేసి సూదులు గుచ్చుకుని, కుర్చీలో వెనక్కి వాలి, మిషన్ వంక చూస్తూ ఉన్నవాళ్ళు కార్డు ఎక్కడ చదువుతారు? వారం వారం స్టూలు ఈడ్చుకుంటూ వస్తుంది, పక్కన కూర్చుంటుంది, అవే అయిదు ప్రశ్నలు అడుగుతుంది. అందుకని ప్రశ్నల పాప.

వాళ్ళింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమే. తండ్రి గోడౌన్లో బస్తాలు మోస్తాడు, తల్లి ఆఫీసుల్లో నేల తుడుస్తుంది. ఉద్యోగంలో చేరే రోజు తండ్రి ఒక్క మాటే చెప్పాడు. "పెద్దవాళ్ళు ఎలా చెయ్యమంటే అలాగే చెయ్యమ్మా. మనం సొంత తెలివి చూపించబోయి తెచ్చుకునేది తలనొప్పే." ఆ మాటని కొంగున ముడేసుకుని వచ్చింది.

పని చూడబోతే చిన్నదే. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి కొన్నిసార్లు వచ్చి ఆ మిషన్లకి రక్తం అప్పగించి కూర్చుంటారు. వాళ్ళ ఒంటి సంగతి కొలవడానికి సవాలక్ష పరీక్షలున్నాయి. మనసు సంగతి కొలవాలంటే వాళ్ళనే అడగాలి. ఈ వారం మనసు తేలిగ్గా ఉందా? పొద్దున్నే లేవాలని అనిపించిందా? తిన్నది నోటికి రుచించిందా? ఇష్టమైన పని ఏదైనా చేయగలిగారా? రేపటి కోసం ఎదురు చూశారా? సున్నా అంటే అస్సలు లేదని, అయిదంటే ఎప్పుడూ అలాగే ఉందని. మొత్తం మరీ తక్కువొస్తే కాగితం ఆ రోజే, మనసు బాధలు వినే కౌన్సిలర్ దగ్గరికి వెళ్తుంది. ఆయన వచ్చి పక్కన కూర్చుని మాట్లాడతాడు, వాళ్ళింటికి రమ్మన్నా వెళ్తాడు. ఎక్కువొస్తే ఎవరూ రారు, రావలసిన పనీ లేదు.

శిక్షణలో మాత్రం చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. కాగితం మీద ఉన్న మాటే చదవాలి. సొంత మాట కలపకూడదు. మొహం చూసి అంకె మార్చకూడదు. మొదటిరోజు, ఇదంతా ఎందుకో వివరించే పేరా ఒకటి గదిలో వాళ్ళందరికీ చదివి వినిపించాలి. ఆమె చదివింది. 'స్వీయ నివేదన ఆధారిత శ్రేయస్సు మాపనం' అని మొదలయ్యే పేరా అది. చదువుతుంటే చేతులు వణికాయి. మధ్యలో ఏదో మిషన్ కూత పెట్టింది. అందరూ తలలూపారు. అర్థమైందనుకుంది.

కిటికీ పక్క కుర్చీ సూది మావయ్యది. వృత్తి దర్జీ. నర్సు సూది తీసినప్పుడల్లా ప్రశ్నల పాప వైపు తిరిగి, "బతుకంతా గుడ్డల్ని పొడిచాను కోడలా, ఇప్పుడు అవన్నీ కలిసి నా మీద పగ తీర్చుకుంటున్నాయి" అనేవాడు.

పక్క కుర్చీలో బస్సు డ్రైవరు బాబాయి ఊరుకునేవాడు కాదు. "నీకు సూదులతో పోయింది బావా. ఆ లెక్కన నా మీద పగ తీర్చుకోవాలంటే స్పీడు బ్రేకర్లన్నీ లేచి రావాలి."

మావయ్య ప్రశ్నల పాపని మొదటి వారమే కోడల్ని చేసేసుకున్నాడు. ఆమె సంచి పట్టీ తెగి, పిన్నీసుతో వేలాడుతుంటే చూసి, "డిగ్రీ చదివినదానివి, భుజాన పిన్నీసేమిటే?" అని సంచి లాక్కుని ఇంటికి పట్టుకెళ్ళాడు. మరుసటి వారం తెచ్చిచ్చాడు. కుట్టు మీద కుట్టు, దాని మీద అడ్డకుట్టు. "సంచి చిరుగుతుంది గానీ ఇది ఊడదు, రాసిపెట్టుకో."

"నేను రాసుకునేది మీ జవాబులే మావయ్యా."

"అయితే రాసుకో" అంటూ సూదులు లేని చెయ్యి పైకెత్తి, అయిదు వేళ్ళూ విప్పి చూపించేవాడు. ఏ ప్రశ్నకైనా అంతే. డ్రైవరు బాబాయీ అంతే. గోడవారన కుర్చీలో టీచరమ్మా అంతే. అయిదు, అయిదు, అయిదు. ఈ ప్రశ్నలు అడుగుతున్న అన్ని ఆసుపత్రుల్లోకీ ఆ గదే సంతోషంగా ఉందని లెక్క తేలింది. కొత్త కుర్చీల మహిమ అన్నారు కొందరు, నర్సుల మంచితనం అన్నారు కొందరు.

తర్వాత మావయ్య మాట్లాడటం తగ్గించాడు.

ముందు జోకులు పోయాయి. నర్సు సూది గుచ్చితే కళ్ళు మూసుకుంటున్నాడు, అంతే. ఆ పైన, పూర్తిగా కడగకముందే ఆపేయమని అడగటం మొదలుపెట్టాడు. షుగరు కళ్ళకి పాకిందనీ, సూదిలో దారం ఎక్కడం లేదనీ, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేశాడనీ నర్సుతో ఆయన భార్య, అత్తయ్య, అంటుంటే పాప విన్నది. ఆ రోజు కూడా స్టూలు వేసుకుని అడిగింది.

"ఇష్టమైన పని ఏదైనా చేయగలిగారా?"

ఆయన కిటికీ వైపు నుంచి మొహం తిప్పలేదు. చెయ్యి మాత్రం లేచింది. అయిదు వేళ్ళు.

ఆమె కలం ఆగింది. ఇంకేదో అడగబోయింది. కాగితం మీద ఇంకేమీ లేదు. అయిదు అని రాసి లేచింది.

ఆ సాయంత్రం ఉండబట్టలేక పెద్ద మేడమ్ గదికి వెళ్ళింది. ఈ ప్రశ్నల అధ్యయనం మొత్తం నడిపేది ఆవిడే. కోపం తెలియని మనిషి.

"మేడమ్, కిటికీ దగ్గర పేషెంటు బాగాలేరు. కానీ అన్నిటికీ అయిదే అంటున్నారు. ఒకసారి కౌన్సిలర్‌ని పంపిస్తే..."

"బాగాలేరని ఎవరు చెప్పారు? ఆయన చెప్పారా?"

"లేదండీ. మొహం చూస్తే తెలుస్తోంది."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "చూడమ్మా. ఒకప్పుడు డాక్టర్లు మొహం చూసే రాసేవాళ్ళు, బాగానే ఉన్నాడు, దిగులు లేదు అని. లోపల కుళ్ళిపోతున్నవాళ్ళని కూడా అలాగే రాసేశారు. మనిషి ఎలా ఉన్నాడో ఆ మనిషినే అడగండయ్యా అని ఎంతోమంది పోట్లాడితే ఈ పద్ధతి వచ్చింది. ఇప్పుడు నువ్వు మళ్ళీ మొహం చూసి రాస్తానంటే ఎలా? ఆయన మాట మీద నీకు గౌరవం లేదా?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తండ్రి మాట గుర్తొచ్చింది. "సరేనండీ" అని వచ్చేసింది.

మరుసటి వారం కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పై వంతుకీ ఖాళీయే.

"బాబాయ్, మావయ్య ఏరీ?"

డ్రైవరు బాబాయి మిషన్ గొట్టాల వంక చూస్తూ, "రానన్నాడటమ్మా" అన్నాడు. "చాల్లే అనుకున్నాడట." ఆమె కాగితం తీయకముందే అయిదు వేళ్ళు చూపించాడు. "నాకు అన్నీ అయిదు. రాసేసుకో."

వంతు తప్పినవాళ్ళ ఇంటికి వెళ్ళి కనుక్కురావటం ఆమె పనిలో భాగమే. మధ్యాహ్నం ఎండలో వెతుక్కుంటూ వెళ్ళింది. రోడ్డు వైపు గది కుట్టు దుకాణం, వెనక గది ఇల్లు. ముందుగదిలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. ఎవరిదో సగం కుట్టిన చొక్కా, చేతులు లేకుండా, మేకుకి వేలాడుతోంది.

మావయ్య మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. కాళ్ళు వాచి నిగనిగలాడుతున్నాయి. ఊపిరి తీస్తుంటే గొంతులో నీళ్ళ చప్పుడు.

అత్తయ్య ఆమెకి మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన చెయ్యి చాపితే ఆయనకీ ఓ గ్లాసు ఇచ్చింది, నిండా. రక్తం కడిగే గదిలో నీళ్ళంటే విషంతో సమానం, తాగినవి ఒంట్లోంచి పోయే దారి లేదు. మంచుముక్క ఒకటి చప్పరించి దాహం తీరిందనుకునేవాడు ఈయన.

"మావయ్యా, అన్ని నీళ్ళు తాగకూడదు!"

"తాగనీవే. ఎన్నాళ్ళకి దాహం తీరుతోందో."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుని, మాట మార్చడానికన్నట్టు అడిగింది. "నీ ఉద్యోగం గట్టిపడిందా తల్లీ? ఈయనకి అదే బెంగ. నేను వెళ్ళకపోతే పిల్లకి మార్కులు తగ్గుతాయేమోనే అంటున్నారు."

"నాకు మార్కులేమిటి అత్తయ్యా?"

"మాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మావయ్య. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "నువ్వు రాకముందు ఒక ఆయా ఉండేది. నోరు పెద్దది, మనసు వెన్న. ఒకరోజు ఎవరో ఇలాగే కాగితం పట్టుకొచ్చి, ఆయా ఎలా చేస్తోంది, అయిదుకి ఎన్నిస్తారు అన్నారు. మేం వేళాకోళానికి రెండన్నాం, మూడన్నాం. మర్నాటినుంచి ఆమె లేదు. ఇంక జన్మలో ఆ పని చెయ్యకూడదనుకున్నాం. నువ్వొచ్చావు. నువ్వు చదివిందేమిటో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. చేతులు వణకడం మాత్రం చూశాం. ప్రశ్నలు ఏవైనా అంకెలు నీకే అనుకున్నాం. డ్రైవరే అన్నాడు, 'బావా, మన ఏడుపు మనకెప్పుడూ ఉండేదే, పిల్లకి మాత్రం అయిదుకి అయిదు' అని. గదంతా ఒక్క మాట మీద ఉన్నాం."

మెచ్చుకుంటుందని చూశాడు. ఆమె తన భుజం మీద సంచి పట్టీని గట్టిగా పట్టుకుంది.

"మావయ్యా. అవి నా మార్కులు కావు."

"మరి?"

"మీవి. మీరెలా ఉన్నారో చెప్పడానికి. తక్కువ చెబితే మీతో మాట్లాడటానికి మనిషిని పంపిస్తారు."

ఆయన ఆమె వైపు చూశాడు, సరిగ్గా కనపడని కళ్ళతో.

"ఇన్నాళ్ళూ నన్నా అడుగుతున్నావు?" అన్నాడు.

అత్తయ్య గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పాప కాగితం తీయలేదు. మొదటిసారి సొంత మాటలతో అడిగింది.

"ఎలా ఉంది మావయ్యా, మనసు?"

"రాయిలా ఉంది."

"పొద్దున్నే లేవాలని..."

"లేవకపోతే బాగుండుననిపిస్తుంది. దానికి సున్నా కంటే కింద ఏదైనా అంకె ఉందా?" నవ్వబోయాడు, దగ్గొచ్చింది. "సూదిలో దారం ఎక్కించలేని దర్జీని నేను. ఆ చొక్కా చూశావా? అది ఇచ్చిన కుర్రాడు పెళ్ళికి వేసుకుందామనుకున్నాడు. వేరేచోట కుట్టించుకున్నాడు. మళ్ళీ అడగలేదు, నేను బాధపడతానని. అడిగినా బాగుండేది."

"అత్తయ్యతో చెప్పారా ఇవన్నీ?"

"దానికెందుకు, అదొక ఏడుపు. ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదనుకున్నాను." ఆ మాట ఆమెని ఎక్కడ తాకిందో ఆయనకి తెలిసినట్టుంది. చెయ్యి చాపి ఆమె సంచి పట్టీ మీద కుట్టు తడిమాడు. "నిలిచింది కదూ. చెప్పానా?"

వీధిలోకి రాగానే ఆమె కౌన్సిలర్‌కి ఫోన్ చేసింది. పెద్ద మేడమ్‌ని అడగలేదు.

కౌన్సిలర్ మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు. ఎండ ముందుగదిలోకి రాకముందు కూర్చున్నవాడు ఎండ వెళ్ళిపోయాక లేచాడట. ఏం మాట్లాడుకున్నారో ఆయన చెప్పడు. మావయ్య మాత్రం, "ఓసారి వెళ్ళొస్తానే, డ్రైవరుగాణ్ణి చూసి చాలా రోజులైంది" అన్నాడు. వచ్చాడు కూడా. ఇద్దరు పట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. నర్సు సూది తీస్తే, "ఇంకా పగ తీరలేదటే వీటికి?" అన్నాడు. గదంతా నవ్వింది.

కానీ మావయ్య గుండె అప్పటికే నీళ్ళలో ఈది ఈది అలిసిపోయింది. తర్వాతి వంతు రాకముందే ఆగిపోయింది.

పాప వెళ్ళేసరికి ముందుగదిలో మిషన్ పక్కకి జరిపి చోటు చేశారు. అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని, "ఆయనెవరో వచ్చి వెళ్ళాక మీ మావయ్య నాతో కూడా మాట్లాడారమ్మా. పెళ్ళైన కొత్తలోలాగా. ఆ వచ్చినాయన కాస్త ముందు వచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

మర్నాడు ఆమె పెద్ద మేడమ్ ముందు నిలబడి జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గది కాగితాలేవీ పనికిరావని చెప్పింది. మేడమ్ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "ఆయన మాట మీద గౌరవం లేదా అన్నాను నిన్ను" అంది. "ఆ మాట ఎవరి గురించి చెబుతున్నాడో ఒక్కసారి కూడా అడగలేదు మనం." ఆ అంకెలు పక్కన పెట్టాలని, మళ్ళీ మొదలుపెట్టాలంటే పైవాళ్ళు ఒప్పుకోవాలని, ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తన చేతుల్లో లేదని చెప్పింది. "ఒప్పుకునేదాకా ఏం చెయ్యమంటారండీ?" అంటే, "వెళ్ళి అడుగు" అంది.

కిటికీ పక్క కుర్చీలో ఎవరో కొత్తాయన ఉన్నాడు. పాప స్టూలు ఈడ్చుకుని డ్రైవరు బాబాయి పక్కన కూర్చుంది. పేరా తీయలేదు. మావయ్యకి చెప్పినట్టే చెప్పింది. అవి తన మార్కులు కావని, ఆయన ఎలా ఉన్నారో తెలుసుకోవడానికని, తన ఉద్యోగానికీ దానికీ సంబంధం లేదని. ఆఖరి మాట అబద్ధమైనా ఫరవాలేదనుకుంది.

బాబాయి విన్నాడు. కొత్తాయన కుర్చీ వైపు ఒకసారి చూశాడు.

"బావకి తెలుసా ఈ సంగతి?"

"చివర్లో తెలిసింది."

"నేనే అన్నానమ్మా అందరితో. అయిదివ్వండని."

"తెలుసు బాబాయ్."

మిషన్లు తిరుగుతున్నాయి. ఆమె అడిగింది. "ఈ వారం మనసెలా ఉంది?"

అలవాటు కొద్దీ చెయ్యి లేచింది, అయిదు వేళ్ళు విచ్చుకున్నాయి. అలాగే కాసేపు గాలిలో ఉన్నాయి. తర్వాత చిటికెన వేలు ముడుచుకుంది. దాని పక్కది. దాని పక్కది. అన్నీ ముడుచుకుని ఒట్టి పిడికిలి మిగిలాక, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "రాసుకో తల్లీ" అన్నాడు.

ఆమె రాసింది. స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.