క్రిందిచేయి

వసంతము సగము గడచి గ్రీష్మ మింకను సంపూర్ణముగా నేలకు దిగకమునుపటి చైత్రాంతదినములలో గౌతమీనది తన విశాలసైకతశయ్యపై నొక ప్రక్కకు నొదిగి కృశాంగియై మందమందముగా బ్రవహించుచుండ, తీరమునందలి తాళవనపంక్తుల నీడలు పూర్వాహ్ణసూర్యకిరణములకు దఱిగి మొదళ్ళను జేరుచుండ, మన్యపర్వతములనుండి తెప్పలుగా గట్టబడి నిరుటి వఱదనీటిపై వచ్చి యొడ్డున బడియున్న టేకు మద్ది మ్రాకుల గంధము వేడిగాడ్పుతో గలసి పల్లెయంతట వ్యాపించుచుండ, కోనపాలెపు కలప యడితిలో నన్నదమ్ము లిరువురు లాగుచున్న రంపపుధ్వని యొక మహాప్రాణి యుచ్ఛ్వాసనిశ్వాసములవలె నెడతెగక వినబడుచుండెను. ఆ ధ్వని యా దినమున మధ్యాహ్నము గాకమునుపే నిలిచిపోయెను. గవరయ్య కన్నులు పోయిన సంగతి యతని తమ్మునికి దెలిసిన దినమదియే.

అడితి నడుమ నిలువెత్తు గొయ్యి త్రవ్వి దానిపై నడ్డదూలములు పఱచి కోయవలసిన మ్రానును వానిపై కెక్కించుట కోతవారి వాడుక. ఒకడు మ్రానుపై నిలిచి మసినూలుతో గొట్టిన గీతను జూచుచు రంపమును బైకి లాగును. వేఱొకడు గోతిలో నిలిచి క్రిందికి లాగును. పైవానికి గాలియు వెలుతురును బేరును గలవు. క్రిందివానికి జెమటయు నుక్కయు మొగముపై నెడతెగక రాలు రంపపుపొట్టును మాత్రమే కలవు. కావున పెద్దవాడు పైనను జిన్నవాడు క్రిందను నుండుట యెల్లయెడల నాచారమై యుండగా ఈ యింట మాత్రమది తలక్రిందై, అగ్రజుడగు గవరయ్య గోతిలోను అనుజుడగు లోవరాజు మ్రానుపైనను నిలుచుచుండిరి. మ్రాను దొర్లి మీదబడి తండ్రి మరణించిన యేట మొదలైన యేర్పాటది.

"కింద నీడగా ఉంటదిరా. నాకు ఎండ పడదు" అని గవరయ్య చెప్పిన మాటను లోవరాజు బాల్యమున నమ్మెను. పెద్దవాడైన పిమ్మట దానిని గూర్చి తలంపవలసిన పని యొకటి గలదని యతనికి దోచలేదు. పైచేయి వాడని పేరు వచ్చినది. పడవలు గట్టించువారు వెదకికొని వచ్చి యాతని పేరే చెప్పి పని యిచ్చుచుండిరి.

"ఏవయ్యా గవరయ్యా, మీ ఇంట్లో చిన్నోడు పల్లకీలోనా, పెద్దోడు బోయీగానా?" అని తోడికోతవారు నవ్వినపుడు గోతిలోనుండియే సమాధానము వచ్చెడిది.

"పల్లకీ మాది, బోయీ మావాడే. మోయని మీకెందుకురా భుజం నొప్పి?"

ఆ దినమున గోయుచున్నది యొక షాహుకారుగారి పడవకు వెన్నుగా వేయదగిన టేకుమ్రాను. ఒడ్డున బోవుచున్న పరిచితుడొకడు పలుకరింపగా లోవరాజు తల త్రిప్పి నవ్వుచు మాటాడుచు రంపమును లాగుచుండెను. మరల గీతవంక జూచునప్పటికి గోత గీతను విడిచి వంకరగా జాలదూరము పోయియుండెను. మ్రానునకు గ్రిందివైపునను గీత గలదు. పైవాడు తప్పినను గ్రిందివాడు చూచి నిలుపవలయును. ఇన్ని సంవత్సరములలో నన్న యెన్నడును నట్లు విడిచిపెట్టి యెఱుగడు. లోవరాజునకు గోప మాగలేదు.

"గీత చూడ్డం లేదా అన్నయ్యా? నిద్దరోతున్నావా కింద?"

అనుచు నతడు మ్రానుపైనుండి దుమికి గోతిలోనికి దిగెను. గవరయ్య రంపపుపిడిని రెండుచేతులం బట్టుకొని తల పైకెత్తి నిలుచుండెను. చీలికలో మిగిలిన పొట్టు సన్నని ధారగా రాలి యతని విప్పియున్న కన్నులలో బడుచుండెను. ఆ కన్నులు ఱెప్ప వేయలేదు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"నిరుడు వానల కాడ్నుంచి మసక. ఇప్పుడా మసకా లేదు."

"మరి ఇన్నాళ్ళూ గీత ఎలా పట్టుకున్నావు?"

"గీతెక్కడిదిరా. నీ చెయ్యి ఎటు పోతే నేనటే వచ్చాను."

కోత యందలి వంకర యెవ్వరిదో లోవరాజునకు దెలిసినది. షాహుకారుగారి కడకు బోయి మ్రాను తనచేతనే చెడినదని చెప్పెను. ఆయన యొకమా ఱాశ్చర్యముగా జూచి నష్ట మడుగక విడిచిపెట్టెను. ఆ సాయంకాలమే లోవరాజు తన మనస్సులో నొక నిశ్చయము చేసికొనెను. అన్న యిక గోతిలో దిగరాదు. రంపపుపిడి ముట్టరాదు. అతడు జీవించియున్నంతకాలము కూర్చుండి భుజింపవలయును, తాను బెట్టవలయును.

ఈ నిశ్చయమునందు దోషమేమియు నతనికి గానరాలేదు. అన్న కొఱకు నులక బిగించిన క్రొత్తమంచ మతని యింటి యరుగుపై వేయించెను. రాజవొమ్మంగినుండి మందాకు దెప్పించి కన్నులకు గట్టించెను. గోతిలోనికి సింహాద్రి యను వేఱొకనిం గుదిర్చికొనెను. ప్రతిప్రాతఃకాలమును రంపము భుజమున బెట్టుకొని బయలుదేఱువేళ గవరయ్య తమ్ముని కాలిచప్పు డాలకించి మంచముపై లేచి కూర్చుండెడివాడు.

"నేనూ వస్తానురా. లాగడానికి కళ్ళెందుకు?"

"వద్దన్నయ్యా. నువ్వు పడ్డది చాలు."

"పడ్డదేవుందిరా అక్కడ. ఇక్కడ ఈగలు తోలుకుంటూ పడుతున్నాను గాని."

"ఊరేవంటదన్నయ్యా? గుడ్డి అన్నని గోతిలో దింపి లోవరాజు పైన నిలబడ్డాడంటది."

గవరయ్య మరల మంచముపై నొరిగెడివాడు. లోకమునకు వెఱచుట యొకటియు నన్నను బ్రేమించుట యొకటియు నా తమ్మునిలో గలిసియుండెను. ఈ రెంటిలో నేది యెక్కువయో యతడు తన్నుదా నడుగుకొనలేదు. అడుగకుండుట కెంతయో సులభమైన విషయమది, ఏలయన రెండును నొక్కపనినే చేయుమని చెప్పుచుండెను.

అరుగుపై గూర్చున్నవానికి దూరమునుండి రంపపుధ్వని వినబడుచుండెను. పగలంతయు నదియే యతనికి లోకము. సాయంకాలమున దమ్ముడు వచ్చి కాళ్ళు గడుగుకొనుచుండ నతడు చెప్పెడివాడు.

"ఆ సింహాద్రి రంపం లాగట్లేదురా. దానికి వేలాడుతున్నాడు."

లోవరాజు నవ్వెను. నిజమే యని యొప్పుకొనెను. కాని యా నవ్వులోనే యన్న చేతులు మంచపుపట్టెపై నేదో పిడిని వెదకుచున్నట్లు మూసికొనుచు విడుచుచు నుండుట చూచి మొగము త్రిప్పికొనెను.

జ్యేష్ఠమాసము వచ్చునప్పటికి గవరయ్య భుజించుట తగ్గెను. ఒకనాడు వదినె నూకాలమ్మ మరదిని బెరటిలోనికి బిలిచి నిలువబెట్టెను. ఆమె గొంతెత్తి మాటాడునది కాదు.

"మీ అన్నకి పోయింది కళ్ళు కాదయ్యా, చేతులు. కళ్ళు పోతే నాతో కూడా చెప్పకుండా పనికెళ్ళొచ్చాడు. చేతులూరుకున్న కాడ్నుంచి ముద్ద దిగట్లేదు."

"నేను తక్కువేం చేశాను వదినా?"

"ఎక్కువే చేశావు. ఆయన ఆ గోతిలోకి ఎందుకు దిగాడో నీకెవరూ చెప్పలేదా?"

"నీడని చెప్పేవాడు."

"నీడా లేదు, గీడా లేదు. నీకు అమ్మోరు పోసి లేచాక కళ్ళు పుసులుగట్టి ఎన్నాళ్ళో తెరవలేదంట. ఈ కళ్ళల్లో పొట్టు పడితే నిలవవని మీ అమ్మ ఏడిచిందంట. అందుకని తను దిగాడు. పెళ్ళైన కొత్తలో నాతో చెప్పి, వాడితో అనకే, బాధపడతాడన్నాడు. ఇన్నాళ్ళూ అన్లేదు. ఇప్పుడన్నాను."

లోవరాజు పెరటిలోనుండి గోదావరివంక జూచెను. తాను బైనుండి చూచిన ప్రతిగీతయు, పడవలవారు మెచ్చుకొన్న ప్రతిబల్లయు, దేదీప్యమానమగు నెండలో దన కన్నులకు గానవచ్చిన యీ గోదావరియు నీ లంకలును, ఏ చూపుతో దాను జూచుచు వచ్చెనో యా చూపు వేఱొకని చూపునకు బదులుగా దనకు దక్కినదని యతనికి బోధపడెను. అరుగుకడకు బోయి యన్న పాదములకడ గూర్చుండి యా మాట చెప్పవలయునని తలంచెను. పోయెను. కూర్చుండెను. కాని యన్నదమ్ములు పుట్టినది మొదలు కష్టసుఖములు మొగము మొగము చూచుకొని చెప్పుకొన్నవారు కారు. ఏమి చెప్పినను మ్రాను నడుమ నుండ నొకడు పైనుండియు నొకడు క్రిందినుండియు జెప్పుకొన్నవారే. మంచము ప్రక్కన నతని నోట వేఱొకమాట పైకి వచ్చినది.

"షాహుకారుగారు ఒక మద్దిమాను మనకే ఇస్తానన్నారన్నయ్యా. కొత్తనీటికి తెప్ప దిగుతది. నీ ఇంటికి ద్వారబంధం కోద్దాం. ఊరందరికీ గుమ్మాలు కోసి నువ్వు తడక కట్టుకున్నావు."

"కింద?"

"కింద నువ్వే."

గవరయ్య మొగము వికసించెను. "అయితే ఆ సింహాద్రి పట్టిన పిడి కడిగి తీసుకురా" అని చెప్పెను.

అన్నను మఱునాడే యడితికి దోడ్కొని పోవచ్చును. గొయ్యి యెండియే యుండెను. కాని పరుల మ్రాను కోయుట కంధుడగు నన్నను దింపినచో లోకులు నిందింతురు గాని స్వగృహద్వారమునకై యతడు రంపము పట్టినచో నెవ్వరును నేమియు ననజాలరని లోవరాజు తలపోసెను. తాను జెప్పవలసిన మాటయు నప్పుడు మ్రానుపై నిలిచి సులభముగా జెప్పవచ్చునని మఱియొక యూహ. ఇట్లు రెండు మేలు లొక్కదినమునకు నిలువచేసి యతడు తెప్పకొఱ కెదురుచూడ మొదలిడెను.

గవరయ్య మరల నన్నము తినెను. రంపమును నొడిలో బెట్టుకొని యొక్కొక్కపంటిని బొటనవ్రేలితో దడవుచు నాకురాతితో బదునుపెట్టెను. ఎవ్వరు వాకిట బోవుచున్నను బిలిచి మద్దిమ్రాను మాట చెప్పెను.

ఆషాఢమున నెఱ్ఱని క్రొత్తనీరు నురుగులతో దిగెను. తెప్పయు దిగెను. మ్రానును నెడ్లచే నీడ్పించి గవరయ్య పెరటిలో దొర్లించిరి. అన్న చేతితో దడవి చూచి "మంచి మాను. కడుపులో గట్టిగా ఉంది" అనెను. తమ్ముడు మసినూలు పట్టి పైనను గ్రిందను గీతలు గొట్టెను. మఱుసటిదినము ప్రాతఃకాలమున నడితికి దీసికొని పోవలయు ననుకొనిరి. ఆ రాత్రి మొదలైన వాన విడువలేదు. వఱద యడితిలోనికి వచ్చి కోతగొయ్యి నంచులదాక నింపెను.

లోవరాజు గూడలతో నీరు తోడించెను. తోడినంతయు మరల నూరెను. మెట్టచోట వేఱొకగొయ్యి త్రవ్వ మొదలిడగా మోకాలిలోతుననే జల ముబికెను. శ్రావణమంతయు మబ్బు విచ్చలేదు. ఆ తేమలో గవరయ్యకు జ్వరము తగిలెను. అతడు మందడుగలేదు. పథ్య మడుగలేదు. తమ్ముని యడుగుల చప్పుడు వినబడినప్పుడెల్ల నొక్కటియే యడిగెను.

"గోతిలో నీళ్ళు ఇంకాయేంట్రా?"

"ఇంకుతున్నాయన్నయ్యా."

భాద్రపదమాసమున నొక యపరాహ్ణమున నా జ్వరము తలకెక్కెను. గవరయ్య చేతులు రెండును జేర్చి పిడికిలి పట్టి గాలిలో గ్రిందికి లాగుచుండెను. లాగిన చేతులు మరల బైకి దామై రాజాలక తొట్రుపడుచుండెను. నూకాలమ్మ పట్టుకొని యాపబోయెను. లోవరాజు వలదని సైగచేసి మంచముపై కెక్కి యన్న కెదురుగా మోకాళ్ళపై గూర్చుండి యా చేతులను దన చేతులలోనికి దీసికొని పైకి లాగెను. గవరయ్య క్రిందికి లాగెను. లోవరాజు పైకి లాగెను. లయ కుదిరెను. గవరయ్య యూపిరి నెమ్మదించెను.

"గీత మీదే ఉందిరా?"

"ఉందన్నయ్యా."

"ఎటు చూస్తున్నావు?"

"గీతకేసే."

చెప్పదలచిన మాట కింతకంటె మంచి సమయము రాదని లోవరాజునకు దెలియును. "అన్నయ్యా" అని పిలిచెను. గవరయ్య తల కొంచె మెత్తి వినుచున్నట్లు నిలిపెను. తమ్మునికి గన్నులు నిండెను. "లాగు" అని మాత్రమనెను. గవరయ్య లాగెను. ప్రొద్దు వాలువఱకు వా రిరువురును లేని మ్రాను నట్లు కోసిరి. పిమ్మట గ్రిందికి బోయిన చేతులు తమ్ముడు లాగినను బైకి రాలేదు.

కార్తికమున గొయ్యి యెండెను. లోవరాజు సింహాద్రిని మ్రానుపై కెక్కించి తాను గ్రిందికి దిగెను. పొట్టు మొదట గన్నులలో బడినపుడు మంట పుట్టి నీరు గాఱెను. తల వంచుకొన్నచో గీత కానరాదు, తల యెత్తినచో బొట్టు తప్పదు. దీనిని గూర్చి యన్న యొకమాఱైనను జెప్పి యుండలేదు. పైచేయివా డేల గ్రిందికి దిగెనని యడితివా రడిగినపుడెల్ల లోవరాజు సింహాద్రిని లాగుమనెను. కొన్నాళ్ళకు వా రడుగుట మానిరి.

సుఖ మీయదలచి మనము ప్రియజనుల చేతులనుండి తీసికొనునది యొక్కొక్కప్పుడు వారి ప్రాణమే యగుచుండును. ఇది తెలియుటకు లోవరాజునకు బట్టిన కాలమును గొయ్యి యెండియున్న కాలమును నొక్కటియే.

ఈ మధ్య నూకాలమ్మ "వాన కాలం మళ్ళీ వస్తంది. ఆ మాను సింహాద్రితో కలిసి కోసెయ్యరాదా రాజూ" అనెను. "కోస్తాను వదినా" అని యతడు చెప్పెను. పోయి పెరటిలో మ్రానుకడ నిలిచి వానకు జెఱిగిన గీతను మరల గొట్టి వచ్చెను.

మ్రా నింకను గోయలేదు. గవరయ్య యింటి వాకిట దడకయే యున్నది.