అలకు వంగిన నాచు

ఫిలింనగర్‌ సెట్‌లో ట్యాంకులోంచి అల వదలగానే, నిటారుగా నిలబడాలని ఇనప తీగలు దూర్చిన ప్లాస్టిక్ సముద్రపు నాచంతా పటపటా విరిగిపోయింది.

"ఇంకా లావు తీగ వెయ్యండి!" అరిచాడు ఆర్ట్ డైరెక్టర్ బసవపున్నయ్య.

భీమిలి సముద్రతీరపు రాళ్ల మీద ఆడుకుంటూ పెరిగిన అసిస్టెంటు జెరూషకు ఒళ్లు మండింది. "నాచు అలతో కుస్తీ పట్టదు సార్! రాయిని గట్టిగా పట్టుకుంటుంది, మిగతా ఒళ్లంతా అలకే వదిలేస్తుంది. ఒక్క ఛాన్స్ ఇవ్వండి!"

మధ్యాహ్నానికల్లా తీగలన్నీ పీకేసి, మెత్తటి రబ్బరు ఆకుల మొదళ్లు మాత్రం రాళ్లకు అంటించింది.

"వదలండి!"

అల విరుచుకుపడింది. ఆకులన్నీ ఒక్కటై నేలకు వాలి, నీళ్లు తగ్గగానే హాయిగా లేచి ఊగాయి. సెట్టంతా ఈలలే ఈలలు!

బసవపున్నయ్య వెళ్లి, హీరోయిన్ తొడుక్కోబోయే మత్స్యకన్య తోకలోంచి ఇనప తీగ లాగడం మొదలుపెట్టాడు.